కొయ్యగుఱ్ఱపు ఊపు

బిడ్డకొఱకు ఊగు కొయ్యగుఱ్ఱమును చేయబూనినవాడు సాధారణముగా మొదట తలచునది దాని ముఖమును గూర్చియే; చెవులెట్లు నిక్కియుండవలెను, జూలు దేనితో కట్టవలెను, కన్నులకు గాజుపూసలు పొదుగవలెనా, రంగుచుక్క పెట్టిన చాలునా అని పదిమందిని అడిగి తెలిసికొనును. అయితే ఆ గుఱ్ఱము హాయిగా ఊగునో, మొండికెత్తి నిలుచునో, బిడ్డను ముందునకు విసరివేయునో నిర్ణయించునవి నేలనంటియుండు రెండు వంపు పట్టెలు. 17వ శతాబ్దమున ఐరోపాలో చేసిన గుఱ్ఱములు కొన్ని, అడుగుభాగము వంపుగా కోసిన రెండు పెద్ద పలకలును, వాని నడుమ ఒక పీఠమును, ముందొక తలయును మాత్రమే. కాళ్లు చెక్కు శ్రమ శిల్పికి లేదు, ఊపునకు మాత్రము లోటు లేదు.

ఆ వంపును ఒక మహావృత్తములోని చిన్న ఖండముగా భావింపుడు. ఆ వృత్తపు కేంద్రము నేలకు వ్యాసార్ధమంత ఎత్తున గాలిలో నెక్కడనో ఉండును. గుఱ్ఱమునకును బిడ్డకును కలిపిన గరిమనాభి ఆ కేంద్రమునకు దిగువ నున్నంతవరకు, గుఱ్ఱ మెటు వంగినను నాభి కొంత పైకి లేవకతప్పదు. లేచినది మరల దిగజూచును. ఆ దిగజూచుటయే ఊపు. తంజావూరు బొమ్మను ఎన్నిమార్లు పడద్రోసినను లేచి కూర్చుండుటయు ఈ ధర్మమువల్లనే. నాభి కేంద్రమును మించి పైకిపోయెనా, గుఱ్ఱము నిలువదు. బిడ్డ జీనుమీద లేచి నిలుచుండినప్పుడు గుఱ్ఱపు నడక మారి, ఊపు మందగించి, తూలుట యెక్కువగుటకు కారణమిదియే.

ఇచట చదువరికి వింతగొలుపు విషయ మొకటి కలదు. ఉయ్యాల గొలుసు ఎంత పొడవైన ఊపు అంత నెమ్మదియని మనకందరకు తెలియును. కొయ్యగుఱ్ఱమున వ్యాసార్ధము పెరిగినకొలది ఊపు త్వరపడును. గుఱ్ఱము ముందునకు వంగినప్పుడు పట్టె నేలను తాకు చోటు కూడ ముందునకు జరుగును. వృత్తము పెద్దదైన అది మరింత దూరము జరిగి, నాభి అంతకంతకు వెనుకబడును. ఆ యెడమెంత హెచ్చిన, గుఱ్ఱమును వెనుకకు త్రిప్పు బలమంత హెచ్చును. బిడ్డతోకూడిన నాభి నేలకు 55 సెంటీమీటర్ల ఎత్తున నున్నదనుకొని లెక్కవేసిన, 2 మీటర్ల వ్యాసార్ధముగల చదునైన పట్టెలపై ఒక ఊపు రమారమి ఒక సెకనులో ముగియును. అది ఊపు గాదు, కుదుపు. 70 సెంటీమీటర్ల వ్యాసార్ధమైనచో మూడు సెకనులు పట్టును, తల నేలనంటునేమో యనిపించునంత దూరము వంగును. 120 సెంటీమీటర్లు పెట్టిన సెకనున్నర. నా మట్టుకు ఇదియే మేలు.

తల బరువు మరొక చిక్కు. మెడ, తల, జూలు అన్నియు ముందుననే ఉండుటచే నాభి ముందునకు జరిగి, గుఱ్ఱము ఎల్లప్పుడు మేతమేయుచున్నట్లు వంగియుండును. 120 సెంటీమీటర్ల పట్టెలపై నాభి అయిదు సెంటీమీటర్లు జరిగినను వంపు నాలుగు డిగ్రీలను మించును. అందుచే జీనును నడిమికి కొంత వెనుకగా అమర్చి, దేహమును పలకలపెట్టెగా బోలుగా కట్టుదురు.

ఒకమారు త్రోసివిడిచిన గుఱ్ఱము, పట్టెకును నేలకును గల రాపిడిచేత క్రమముగా నిలిచిపోవును. తివాచీపై మరింత త్వరగా నిలుచును. బిడ్డ మాత్రము గంటసేపైనను ఊగగలడు. ఊపు వచ్చివెళ్లు సమయమునకు సరిగా వీపును వాల్చుచు, మరల వంచుచు, పోయినంత శక్తిని తన కండరములనుండి ఇచ్చుచుండును. భౌతికశాస్త్రజ్ఞులు అనునాదమను ఈ మర్మమును మూడేండ్లవాడు ఎవరును చెప్పకయే పట్టుకొనును.

ఇక కొయ్య సంగతి. తిన్నని పలకనుండి వంపు పట్టెను కోసినయెడల, నడుమ నార పట్టెవెంట సాగినను, కొసలయందు దానిని ఏటవాలుగా ఖండించును; కొయ్య బలమంతయు నారవెంటనే యున్నందున, ఇరువది డిగ్రీలకు మించిన ఏటవాలున దాని సత్తువ సగమునకు తగ్గును. గుఱ్ఱము పూర్తిగా ముందునకు వంగినప్పుడు బరువంతయు పడునది సరిగా అక్కడనే. కావున పలుచని బద్దలను అచ్చుపై వంచి, పొరలుపొరలుగా జిగురుతో అతికించుట ఉత్తమము; అట్లు చేసినచో నార వంపువెంటనే సాగును. టేకు వంటి గట్టి కొయ్య దీనికి తగినది. మన కొండపల్లి బొమ్మలకు వాడు పొణికి ఎంత తేలికయో అంత మెత్తన; తలను చెక్కుటకు దానిని మించినది లేదు గాని కాళ్లకు తగదు.

కాళ్ల ప్రసక్తి వచ్చినది గనుక ఒక్కమాట. ముందుకాళ్లు ముందునకును, వెనుకకాళ్లు వెనుకకును చాచి గాలిలో తేలు భంగిమ అసత్యమని 1878లో ఎడ్వర్డ్ మైబ్రిడ్జ్ కాలిఫోర్నియాలోని పాలో ఆల్టోలో తీసిన ఛాయాచిత్రములు ఋజువు చేసినవి. పరుగెత్తు గుఱ్ఱపు నాలుగు కాళ్లును నేలవిడుచునది, అవి కడుపుక్రింద ముడుచుకొన్నపుడే. బొమ్మలు చేయువారు కాళ్లు చాచిన భంగిమను మానలేదు, మానకుండుట మంచిదే: చాచిన కాళ్లు పట్టెల రెండు కొసలను చేరి బరువును దూరదూరముగా పంచును. రెండేండ్ల తరువాత, 1880లో, అమెరికాలోని సిన్సినాటికి చెందిన ఫిలిప్ మార్క్వా వంపు పట్టెలనే తీసివేసి, గుఱ్ఱమును చట్రమునుండి ఇనుపకడ్డీలతో వ్రేలాడదీయు పద్ధతికి పేటెంటు పొందెను. గుఱ్ఱము గదియంతయు ప్రాకుటయు, పట్టెలక్రింద కాలివ్రేళ్లు నలుగుటయు దానితో తప్పినవి.

రంగు విషయమున అశ్రద్ధ కూడదు. పిల్లలు చెవులను కొరుకుదురు. సీసముగల రంగు మెదడునకు హాని చేయును. మనదేశమున 2016నాటి నిబంధనలు ఇండ్లకు వాడు రంగులలో పది లక్షల భాగములకు 90 భాగములను మించి సీసముండరాదని శాసించినవి. పాత డబ్బాలను ముట్టకుండుటే మేలు. అన్నియు ముగిసినపిమ్మట, బిడ్డ బరువునకు రెండింతలైన బియ్యపు మూటను జీనునకు బిగించి, కొస తగులువరకు కొంతసేపు గట్టిగా ఊపి, అతుకులు కిఱ్ఱుమనునేమో చెవి యొగ్గి వినవలెను. కిఱ్ఱుమన్న అతుకును విప్పి మరల బిగింపవలెనే గాని, పైనుండి మేకు దిగగొట్టరాదు. మేకు నారను చీల్చును.