మహమ్మారి వేళ క్యాన్సరు రోగి మనస్సు

రోగాన్ని పెంచేవాటిలో విషాదమే ముఖ్యమైనదని చరకసంహిత సూత్రస్థానం చెబుతుంది. గురుకులంలో కంఠస్థం చేసిన ఆ మాట లోతు నాకు 2020 లో మంఖాల్ పరిసరాల క్యాన్సరు రోగులను చూసినప్పుడు మరింతగా బోధపడింది.

వారి భయం నిరాధారమైనది కాదు. కీమోథెరపీ వలన రక్తంలోని తెల్లకణాలు తగ్గి, అంటురోగాలను ఎదిరించే శక్తి క్షీణిస్తుంది. ప్రాణం నిలిపే ఆసుపత్రియే కరోనా సోకే చోటు కూడా కావచ్చును. మార్చి 25 నుండి దేశమంతటా లాక్‌డౌన్ విధించారు. బస్సులు నిలిచిపోయాయి. నగరంలో రెడ్‌హిల్స్‌లోని ఎం.ఎన్.జె. క్యాన్సరు ఆసుపత్రికి ఇక్కడి నుండి చేరడమే గగనమైంది. వెళితే కరోనా, వెళ్లకుంటే క్యాన్సరు. ముందు నుయ్యి, వెనుక గొయ్యి.

నాకు తెలిసిన ఒక పెద్దావిడకు రొమ్ము క్యాన్సరు. కుమారుడు విదేశంలో ఉద్యోగి. శంషాబాద్ విమానాశ్రయం పక్కనే ఉన్న మాకు విమానాల హోరు నిత్యం అలవాటు. అది ఆగిపోయిన రోజుల్లో ఆమె, “ఆకాశంలో చప్పుడే లేదు వైద్యులుగారూ, ఇక నా కొడుకు రాలేడు” అన్నది. ఇంటివారు ఆమెకు సోకకూడదన్న ప్రేమతోనే వేరే గది, వేరే కంచం ఏర్పాటు చేశారు. అయితే కారణం చెప్పలేదు. వసారాలో గుసగుసలాడుకునేవారు. తనను వెలివేశారనుకున్న ఆమె అన్నం మానేసింది. ఆకలి పుట్టించే చూర్ణం ఇవ్వమని నన్ను అడిగారు. నేను ఇవ్వలేదు. కోడలిని మాస్కు ధరించి, గుమ్మం వద్ద దూరంగా కూర్చుని, ఉదయం సాయంత్రం మాట్లాడమన్నాను. కుమారుని రోజూ ఒకే వేళకు ఫోను చేయమన్నాను. వాయిదా పడిన కీమో ఎప్పుడో ఆసుపత్రి వైద్యుని ఫోనులో అడిగి, ఆ తేదీని ఆమెకే చెప్పమన్నాను. నాలుగు రోజులకు ఆమె తనంతట తానే పెసరకట్టు అడిగింది. వైద్యుడు చెప్పిన తేదీకి అద్దె కారులో వెళ్లి చికిత్స కొనసాగించుకున్నది.

మనస్సును అహితమైన విషయాల నుండి మళ్లించే ఈ పద్ధతికి ఆయుర్వేదంలో సత్త్వావజయమని పేరు. మంచి రోగికి ఉండవలసిన గుణాలలో నిర్భయత్వాన్ని కూడా చరకసంహిత లెక్కించింది. పరిచారకునికి ఉండవలసిన గుణాలలో అనురాగం ఒకటి. రెండవది లేని ఇంట మొదటిది ఎక్కడి నుండి వస్తుంది?

నిద్ర పట్టని రోగికి రాత్రి గోరువెచ్చని నువ్వుల నూనెతో అరికాళ్లు మృదువుగా మర్దన చేయవచ్చును. ఒక మనిషి స్పర్శ లభించడమే అందులో సగం ఔషధం. కాళ్లలో వాపు, పుండు, తిమ్మిరి ఉంటే చేయరాదు. రేడియేషన్ తీసుకుంటున్న చోట చర్మానికి ఏ నూనె రాయరాదు. ఆహారంగా గంజి, పెసరకట్టు, రోగి కోరిన వేళకు, కోరినంత, బలవంతం వద్దు.

ఆ రోజుల్లో ప్రతి ఇంటా కషాయాలు మరిగాయి. ఆయుర్వేద వైద్యునిగానే చెబుతున్నాను: కీమో జరుగుతున్నవారికి తిప్పతీగ గాని, అశ్వగంధ గాని, మరే మూలిక గాని క్యాన్సరు వైద్యునికి తెలియకుండా ఇవ్వకండి. కొన్ని మూలికలు కాలేయానికి హాని చేయగలవు. మందుల పనితీరును మార్చగలవు. జ్వరం 100.4 డిగ్రీలకు చేరితే ఇంట్లో చిట్కాలతో కాలయాపన చేయక వెంటనే ఆసుపత్రికి తెలపాలి.

గోడవైపు తిరిగి పడుకోవడం, నొప్పిని దాచుకోవడం, “మీకు భారమైపోయాను” అనడం కనిపిస్తే తేలికగా తీసుకోవద్దు. నొప్పికి మంచి మందులున్నాయి, అడిగి ఇప్పించండి. చనిపోవాలన్న మాట వస్తే రోగిని ఒంటరిగా విడువక మానసిక వైద్యునికి చూపించండి. 2022 అక్టోబరులో ప్రారంభమైన ప్రభుత్వ టెలిమానస్ సేవ 14416 నంబరులో రాత్రింబవళ్లు ఉచితంగా లభిస్తుంది, తెలుగులోనూ మాట్లాడతారు. రోగి తానుగా ఫోను చేయలేకపోతే ఇంటివారే చేయవచ్చును.