కోడికి ఆ పసుపు ఎక్కడిది?

నాటుకోడి బేరం అనగానే ముందు కాళ్ల వంక చూసేవాళ్లున్నారు. పసుపుపచ్చగా నిగనిగలాడుతున్నాయా... ఇక అనుమానం లేదు, అసలు సిసలు నాటుదే! చెప్పిన ధరకే సంచిలో పడుతుంది. కానీ ఆ పసుపు చెప్పేది కోడి ఏం తిన్నదో మాత్రమే. ఎక్కడ పెరిగిందో కాదు, ఎంత రుచో అంతకన్నా కాదు.

ఆ రంగును కోడి తనంతట తాను తయారుచేసుకోలేదు. మొక్కజొన్న, గడ్డి, ఆకులు, బంతిపూలలో ఉండే ల్యూటిన్, జియాజాంథిన్ లాంటి వర్ణకాలు మేతతో పాటు లోపలికెళ్లి చర్మానికీ కొవ్వుకీ, కాళ్లకీ ముక్కుకీ, చివరికి గుడ్డు సొనకీ చేరతాయి. మొక్కజొన్న ఖరీదై ఫారాల్లో నూకలో, తెల్లజొన్నలో ఎక్కువగా వేశారనుకోండి, కోడి పాలిపోతుంది. మాంసకృత్తులు సరిగ్గా అందితే బరువులో లోటుండదు. మెక్సికోలో పసుపు కోడికే గిరాకీ. అందుకే అక్కడ మేతలో బంతిపూల సారం కలుపుతారు. బ్రిటన్‌లో చాలాకాలం తెల్లటి కోడినే ఇష్టపడ్డారు. ఎవరి కన్ను వారిది!

అయితే అన్ని కోళ్లకూ ఇది వర్తించదు. కొన్నింటి చర్మంలో ఓ ఎంజైమ్ ఆ వర్ణకాలను విరగ్గొట్టేస్తుంది. వాటికి బుట్టెడు బంతిపూలు పెట్టినా చర్మం తెల్లగానే ఉంటుంది. ఆ ఎంజైమ్ చర్మంలో పనిచేయని కోళ్లే పసుపెక్కుతాయి. కోళ్లన్నీ ఎర్ర అడవికోడి సంతతేనని డార్విన్ నమ్మాడు. పసుపు చర్మపు జన్యువు మాత్రం బూడిదరంగు అడవికోడి నుంచి వచ్చిందని 2008లో స్వీడన్ శాస్త్రవేత్తల బృందం తేల్చింది. ఆ కోడి సొంతూరు ఎక్కడో కాదు, మన దక్షిణాది అడవులే!

పెంపకందార్లకు ఈ రంగు ఓ లెక్కల పుస్తకం. పెట్ట గుడ్లు పెట్టడం మొదలెట్టాక వర్ణకం సొనలోకి మళ్లుతుంది. ముందు గుడ్డు వచ్చే ద్వారం చుట్టూ, తర్వాత కంటి అంచున, ముక్కున, చిట్టచివర కాళ్లలో పసుపు తగ్గుతుంది. కాళ్లు వెలవెలబోవడానికి నెలలు పడుతుంది. అంటే, పాలిపోయిన కాళ్లున్న పెట్ట బాగా గుడ్లు పెట్టినదన్నమాట. మేత మారకుండానే బ్రాయిలర్ల మంద ఒక్కసారిగా పాలిపోతే మాత్రం పేగుల జబ్బుందేమో చూడాలి. కాక్సిడియోసిస్ వస్తే వర్ణకం ఒంటికి పట్టదు.

ఇక దుకాణంలో... బాగా వేడినీళ్లలో ముంచి ఈకలు పీకితే చర్మం పైపొర ఊడి, ఉన్న రంగూ పోతుంది. మంటమీద కాల్చి పసుపు పూస్తే లేని రంగూ వస్తుంది. తడివేలితో రుద్ది చూడండి. వేలికంటితే అది వంటింటి పసుపే.

మేతతో పనిలేని రంగూ ఒకటుంది. 2018లో భౌగోళిక గుర్తింపు పొందిన మధ్యప్రదేశ్ ఝాబువా కడక్‌నాథ్ నలుపు వంశపారంపర్యంగా వచ్చిన మెలనిన్‌ది. దానికి మొక్కజొన్న పెట్టినా, నూకలు పెట్టినా నలుపు నలుపే!