నడుం వాల్చడమా, నడుం బిగించడమా?

తెలుగులో ఏదైనా పని మొదలుపెట్టాలంటే నడుం బిగిస్తాం. పని అయ్యాక కాసేపు నడుం వాలుస్తాం. రెండు మాటల్లోనూ నడుమే ఉంది. మరి ఆ నడుమే నొప్పి పెడితే ఏం చేయాలి? బిగించాలా, వాల్చాలా? ఈ వ్యాసం మొత్తం ఈ ఒక్క ప్రశ్న గురించే. చిన్నప్పటి నుంచి ఇంగ్లిష్ మీడియంలో చదివినవాణ్ణి, భాషలో తప్పులుంటే సీనియర్లు సర్దుకోవాలి.

పోయిన సెమిస్టర్ ప్రాజెక్ట్ రివ్యూ ముందు మూడు రోజులు హాస్టల్ మంచం మీదే ఉన్నా. ఒళ్ళో ల్యాప్‌టాప్, వీపు వెనక దిండు. మూడో రోజు పొద్దున బకెట్ ఎత్తుదామని వంగాను, నడుం పట్టేసింది. అందులో ఉన్నవి అర బకెట్ నీళ్ళే. గోడ పట్టుకుని పది నిమిషాలు అలాగే నిలబడ్డా. రూమ్మేట్ వచ్చి ముందు నవ్వాడు, తర్వాత నా మొహం చూసి ఆపేశాడు.

ఇంటికి ఫోన్ చేశా. మా నాన్న టైలర్.

"ఎంతసేపు కూర్చున్నావురా?"

"రోజుకి పది గంటలు ఉంటుంది నాన్నా."

"నేను ఇరవై ఆరేళ్ళుగా కూర్చున్నా" అన్నాడు.

నిజానికి అప్పటికి ఆరు నెలలుగా నాన్న మిషన్ దగ్గర సరిగ్గా కూర్చోవడం లేదు. నడుం నొప్పికి స్కానింగ్ తీయించుకుంటే రిపోర్ట్ చూసినాయన "పూసలు అరిగిపోయాయి, ఇక వంగకు" అన్నారట. ఆ రోజు నుంచి నాన్న నడుముకి బెల్టు, వీలైనప్పుడల్లా మంచం. వాటర్ క్యాన్ ఎత్తడం మానేశాడు, బండి మానేశాడు. మిషన్ అమ్మేద్దామా అని అమ్మతో అంటున్నాడని చెల్లి మెసేజ్ పెట్టింది. నా ఫీజు వచ్చేది ఆ మిషన్ మీదే. అలా రెండు నడుముల కోసం చదవడం మొదలుపెట్టా.

లోపల ఏముంది?

పుట్టినప్పుడు మన వెన్నెముకలో 33 పూసలుంటాయి. కింది వైపువి కలిసిపోయి, పెద్దయ్యేసరికి 26 ఎముకలు మిగులుతాయి. నడుం భాగంలో ఉండేవి 5. వీటినే ఎల్1 నుంచి ఎల్5 అంటారు. పైనున్న బరువంతా మోసేది ఇవే కాబట్టి విడివిడిగా ఉండే పూసల్లో పెద్దవి కూడా ఇవే.

పూసకీ పూసకీ మధ్య ఒక డిస్క్ ఉంటుంది. తాటిముంజని గుర్తు తెచ్చుకోండి. లోపల మెత్తటి జెల్లీ, చుట్టూ పొర. కాకపోతే డిస్క్ చుట్టూ ఉండే పొరలు చాలా గట్టి పీచుతో చేసినవి. వెనక వైపు నుంచి కాళ్ళకి వెళ్ళే నరాలు బయటికి వస్తాయి. వీటన్నిటినీ కండరాలు, లిగమెంట్లు పట్టుకుని ఉంటాయి. నొప్పి వీటిలో దేని నుంచైనా రావచ్చు.

డిస్క్ గురించి నన్ను ఆశ్చర్యపరిచిన విషయం ఒకటుంది. పెద్దవాళ్ళలో దాని లోపలికి రక్తనాళాలు దాదాపు ఉండవు. దానికి కావాల్సిన పోషకాలు పక్కనున్న పూసల నుంచి మెల్లగా ఊరి రావాల్సిందే. బరువు పడితే కొంత నీరు బయటికి పోతుంది, బరువు తగ్గితే మళ్ళీ పీల్చుకుంటుంది, స్పాంజ్ లాగా. రాత్రంతా పడుకుని లేచాక మనం ఒక సెంటీమీటర్ దాకా ఎత్తు పెరిగి ఉండటానికి కారణం ఇదే. అంటే డిస్క్‌కి కదలిక కావాలి. పది గంటలు ఒకే భంగిమలో ఉంటే దానికి ఆ మార్పు దొరకదు, కండరాలు కూడా అలసిపోతాయి.

కూర్చోవడం అంత చెడ్డదా?

1999లో జర్మనీ పరిశోధకులు ఒక వాలంటీర్ నడుం డిస్క్‌లోకి సన్నటి సెన్సార్ పంపి ఒత్తిడి కొలిచారు. పడుకుంటే సుమారు 0.1 మెగాపాస్కల్. నిలబడితే 0.5. రిలాక్స్‌గా కూర్చుంటే 0.46. అంటే ఊరికే కూర్చోవడానికీ నిలబడటానికీ పెద్ద తేడా లేదు. అసలు తేడా బరువు ఎత్తినప్పుడు కనిపించింది. 20 కిలోలు వీపు వంచి ఎత్తితే 2.3, మోకాళ్ళు వంచి ఎత్తితే 1.7, అదే బరువుని ఒంటికి దగ్గరగా పట్టుకుని నిలబడితే 1.1. కొలిచింది ఒక్క మనిషిలోనే కాబట్టి ఈ అంకెలు అందరికీ అచ్చుగుద్దినట్టు సరిపోవు. కానీ బరువుని ఒంటికి దగ్గరగా పట్టుకోమని పెద్దవాళ్ళు ఎందుకు చెప్తారో అర్థమవుతుంది.

కాబట్టి "నిటారుగా కూర్చో" అన్న సలహా సగమే కరెక్ట్. నిటారుగా అయినా సరే, ఐదు గంటలు కదలకుండా ఉంటే నడుం ఊరుకోదు. ఇప్పుడున్న భంగిమని కాసేపట్లో మార్చడమే మంచి భంగిమ.

రిపోర్ట్‌లో ఉన్నదంతా జబ్బేనా?

సెలవులకి ఇంటికెళ్ళినప్పుడు నాన్న బీరువాలోంచి రిపోర్ట్ తీసి ఇచ్చాడు. ఎల్4-ఎల్5 దగ్గర డిస్క్ బల్జ్, డీజెనరేటివ్ చేంజెస్ అని ఉంది. చదివితే నాకే భయం వేసింది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2020లో 61.9 కోట్ల మందికి నడుం నొప్పి ఉంది. అందులో దాదాపు 90 శాతం కేసుల్లో నొప్పికి ఫలానాదే కారణం అని వేలుపెట్టి చూపించలేరు. ఇంకో విషయం, 2015లో ఒక బృందం అసలు నొప్పే లేనివాళ్ళ స్కాన్లని, మొత్తం 3110 మందివి, కలిపి చూసింది. ఇరవై ఏళ్ళవాళ్ళలో 37 శాతం మందికి డిస్క్ అరుగుదల కనిపించింది. ఎనభై ఏళ్ళవాళ్ళలో 96 శాతం మందికి. డిస్క్ బల్జ్ కూడా ఇరవై ఏళ్ళకే 30 శాతం మందిలో ఉంది. గుర్తుంచుకోండి, వీళ్ళెవరికీ నడుం నొప్పి లేదు.

మన భాషలో చెప్పాలంటే రిపోర్ట్‌లో ఉండే చాలా లైన్లు ఎర్రర్లు కావు, వార్నింగులు. ప్రోగ్రామ్ రన్ అవుతూనే ఉంటుంది. నాన్నకి కంపైలర్ తెలీదు కాబట్టి ఇంకోలా చెప్పా: "నీ తల నెరిసింది కదా నాన్నా, నెరిసిన చోట నొప్పి పుడుతోందా? లోపల కూడా వయసు అలాగే కనిపిస్తుంది." నాన్న కాసేపు మాట్లాడలేదు. తర్వాత "అయితే వంగితే విరగదా?" అని అడిగాడు. ఆరు నెలలు ఆయన్ని మంచం మీద పెట్టింది నొప్పి ఒక్కటే కాదు, ఈ ప్రశ్న కూడా అని అప్పుడు తెలిసింది.

మంచమా, నడకా?

1995లో ఫిన్లాండ్‌లో కొత్తగా నడుం నొప్పి వచ్చిన 186 మందిని మూడు గుంపులు చేశారు. ఒకరికి రెండు రోజులు బెడ్ రెస్ట్, ఇంకొకరికి నడుం వ్యాయామాలు, మూడో గుంపుకి "ఓర్చుకోగలిగినంతలో రోజూ చేసే పనులే చేసుకోండి" అన్న సలహా. త్వరగా కోలుకున్నది మూడో గుంపు. మెల్లగా కోలుకున్నది బెడ్ రెస్ట్ గుంపు. ఎక్కువసేపు పడుకుంటే కండరాలు బలం కోల్పోతాయి, కీళ్ళు బిగుసుకుంటాయి, భయం పెరుగుతుంది. భయం పెరిగితే కండరాలు ఇంకా బిగుస్తాయి, నొప్పి ఇంకా ఎక్కువనిపిస్తుంది. ఇన్ఫినిట్ లూప్.

పట్టేసిన మొదటి రోజు కాసేపు నడుం వాల్చండి, తప్పు లేదు. వెల్లకిలా పడుకుని మోకాళ్ళ కింద దిండు పెట్టుకుంటే చాలామందికి హాయిగా ఉంటుంది. వేడినీళ్ళ కాపడం కూడా సాయపడుతుంది. తర్వాత లేచి నాలుగడుగులు వేయండి, రోజూ కొంచెం పెంచండి. నొప్పి తగ్గుముఖం పట్టాక ఫిజియోని అడిగి వ్యాయామాలు మొదలుపెట్టండి. నేను చేసేవి రెండు. ఒకటి, పడుకుని మోకాళ్ళు మడిచి నడుం పైకెత్తడం. రెండోది, చేతులూ మోకాళ్ళ మీద ఉండి ఎదురెదురు చేయీ కాలూ చాపడం. మాత్రలు మాత్రం మెడికల్ షాపులో ఊరికే అడిగి మింగకండి. కొన్ని నొప్పి మాత్రలు కడుపుకీ కిడ్నీలకీ చేటు చేస్తాయి.

ఇవి ఉంటే ఆగొద్దు

అన్ని నొప్పులూ ఇలా తేలిగ్గా తీసుకునేవి కావు. తొడల మధ్య, మలద్వారం చుట్టూ తిమ్మిరి, మూత్రం రాకపోవడం లేదా ఆపుకోలేకపోవడం, కాళ్ళలో బలం తగ్గిపోవడం: ఇవి ఉంటే అదే రోజు ఆస్పత్రికి వెళ్ళాలి. నరాల కట్ట నొక్కుకుపోయి ఉండొచ్చు, ఆలస్యమైతే నష్టం శాశ్వతం. నొప్పితో పాటు జ్వరం, కారణం లేకుండా బరువు తగ్గడం, కిందపడ్డాకో యాక్సిడెంట్ తర్వాతో మొదలైన నొప్పి, ఇంతకుముందు క్యాన్సర్ వచ్చి ఉండటం, ఇవి ఉన్నా డాక్టర్‌కి చూపించాలి. పిరుదు నుంచి పాదం దాకా కరెంటు షాక్ లాగా లాగితే అది సయాటికా కావచ్చు. అదీ చాలామందికి ఆపరేషన్ లేకుండానే తగ్గుతుంది, కానీ ఒకసారి పరీక్ష చేయించుకోవడం మంచిది.

నాన్నని నేను ఒప్పించలేదు, నా మాట అంత నమ్మడు కూడా. దగ్గర్లోని ప్రభుత్వాస్పత్రిలో ఫిజియో మేడం పరీక్ష చేసి, ప్రమాదమేం లేదని చెప్పి, తన ముందే మూడుసార్లు వంగించారు. అప్పుడు నమ్మాడు. ఇప్పుడు షాపుకి నడిచే వెళ్తున్నాడు. స్టూలు రెండంగుళాలు ఎత్తు చేయించాడు. బట్ట కటింగ్ నిలబడి, కుట్టడం కూర్చుని, రెండూ మార్చి మార్చి. అరగంటకోసారి లేవాలని ఆయన ఫోన్‌లో అలారం పెట్టింది మాత్రం నేనే. నొప్పి పూర్తిగా పోలేదు, కొన్ని సాయంత్రాలు ఉంటుంది. మిషన్ అమ్మే మాట మాత్రం మళ్ళీ రాలేదు.

నిన్న రాత్రి ఫోన్ చేస్తే వెనకాల మిషన్ చప్పుడు వినిపించింది. స్కూలు యూనిఫాంల సీజన్. మాట్లాడుతుండగానే అలారం మోగింది.

"ఉండరా, లేవాలి" అన్నాడు. "నువ్వు కూడా లే."

లేచా.