బడిని బాగుచేసే పని బయటివారికి అప్పగిస్తే



మిషనరీల కాలం నుండి మందిరం పక్కనే బడి ఉండటం మనకు అలవాటు. ఆ బడుల కమిటీల్లో కూర్చునే పెద్దలు మా పాఠకుల్లోనూ ఉన్నారు. ‘మీ బడి ఫలితాలు మేము పెంచుతాం, ఒప్పందం రాసుకుందాం’ అంటూ వచ్చే సంస్థలు వారికి కొత్త కాదు. ఇదే వ్యవహారాన్ని స్థానిక ప్రభుత్వాలు చట్ట ప్రకారం పాతికేళ్లకు పైగా నడిపిస్తున్న దేశం ఇంగ్లండు. అక్కడ ఏమి జరిగిందో, ఎలా జరుగుతోందో ఈ వారం కొంత వివరంగా చూద్దాం.

ఒకప్పుడు ఇంగ్లండులో ప్రతి కౌన్సిల్‌కు సొంత సలహాదారులు ఉండేవారు. వారే బడులు తిరిగి, పాఠాలు చూసి, టీచర్లకు తర్ఫీదు ఇచ్చేవారు. 1988 విద్యా సంస్కరణ చట్టం డబ్బులో పెద్ద భాగాన్ని నేరుగా బడుల చేతికిచ్చింది. 1992 చట్టంతో ఆఫ్‌స్టెడ్ అనే తనిఖీ సంస్థ పుట్టింది. కొన్నేళ్లకు అది బడులతో పాటు కౌన్సిళ్లనూ తనిఖీ చేయసాగింది. చేతకాని కౌన్సిల్ నుండి పని తీసి వేరొకరికి ఇప్పించే అధికారం 1998 చట్టం మంత్రికి ఇచ్చింది.

ఆ అధికారం మొదట తగిలింది లండన్‌లోని హాక్నీకి. 1999లో అక్కడి బడుల మెరుగుదల పనిని నార్డ్ ఆంగ్లియా అనే ప్రైవేటు కంపెనీకి అప్పగించారు. అది సరిపోలేదు. 2002లో విద్యాశాఖ మొత్తాన్నీ ది లెర్నింగ్ ట్రస్ట్ అనే లాభాపేక్ష లేని సంస్థకు పదేళ్ల ఒప్పందం మీద ఇచ్చారు. ఆ పదేళ్లలో హాక్నీ పిల్లల ఫలితాలు అడుగు నుండి పైకి వచ్చాయి. అయితే ఆ ఘనత అంతా ట్రస్టుదే అనడానికి మాకు మనసొప్పదు. 2004లో తెరిచిన మాస్‌బోర్న్ లాంటి కొత్త బడులు, లండన్ అంతటా పోసిన డబ్బు కూడా అందులో పాలు పంచుకున్నాయి. 2012లో ఒప్పందం ముగిసి పని తిరిగి కౌన్సిల్‌కు చేరింది.

అన్నిచోట్లా ఇలా జరగలేదు. సదర్క్‌లో 2001లో డబ్ల్యు.ఎస్. అట్కిన్స్ ఐదేళ్లకు ఒప్పుకొని, గిట్టుబాటు కాక 2003లోనే తప్పుకుంది. ఆ కంపెనీ పేరు కట్టడాల ఇంజినీరింగులో పెద్దదే, కానీ వంతెన కట్టడం వేరు, ఐదో తరగతి పిల్లవాడికి చదవడం నేర్పించడం వేరు. బ్రాడ్‌ఫోర్డ్‌లో సెర్కో పదేళ్లు నడిపింది. మొదట ఉత్సాహంగా పెట్టుకున్న లక్ష్యాలు అందవని తేలి మధ్యలో తగ్గించుకోవలసి వచ్చింది. కంపెనీ మారినా, లక్ష్యం తగ్గినా కాగితం మీద సర్దుకుపోతుంది. ఆ మధ్యకాలంలో బడిలో ఉన్న పిల్లవాడికి ఆ తరగతి మళ్లీ రాదు.

ఇప్పుడు పద్ధతి ఇలా ఉంటుంది. కౌన్సిల్ ముందుగా తన బడుల లెక్కలు తీస్తుంది: ఏ బడి జారుతోంది, ఎక్కడ హెడ్మాస్టరు నిలవడం లేదు, ఏ పిల్లలు వెనుకబడుతున్నారు. హెడ్మాస్టర్లతో మాట్లాడుతుంది. తర్వాత ఏమి కావాలో రాతలో పెడుతుంది. అసలు కిటుకు ఈ రాతలోనే ఉంది. అన్ని బడులనూ గమనించడం, ప్రమాదంలో ఉన్నదాన్ని ముందే పసిగట్టడం కౌన్సిల్ డబ్బుతో జరిగే మూల పని. తర్ఫీదు తరగతుల వంటివి బడులు తమకు కావాలంటే కొనుక్కునేవి. ఈ రెండూ కలగాపులగమైతే, ఎక్కువ కొనగలిగిన బడి దగ్గరే సలహాదారు ఎక్కువసేపు కూర్చుంటాడు. అవసరం ఉన్న బడి మిగిలిపోతుంది.

ఆపైన బహిరంగ ప్రకటన, టెండర్లు, నాణ్యతకు ఇన్ని మార్కులు ధరకు ఇన్ని మార్కులు అని వేయడం, కాంట్రాక్టు. కౌన్సిల్ స్వయంగా పెట్టుకున్న కంపెనీకైతే పోటీ లేకుండానే ఇవ్వవచ్చు. దీన్ని టెకాల్ మినహాయింపు అంటారు. ఇటలీలో ఒక చిన్న ఊరి భవనాలను వెచ్చబెట్టే కాంట్రాక్టు మీద వచ్చిన తగాదాలో 1999లో యూరప్ కోర్టు ఇచ్చిన తీర్పు అది. లీడ్స్ కౌన్సిల్ 2001 నుండి పదేళ్లు విద్యాసేవలను నడిపించింది తన సొంత కంపెనీ చేతనే. హెర్ట్‌ఫోర్డ్‌షైర్‌లో 2013లో మరో దారి పట్టారు: సలహా సంస్థలో ఎక్కువ వాటాలు బడులవే, కొంత కౌన్సిల్‌ది. సేవ బాగాలేకపోతే యజమానులే అడుగుతారు కాబట్టి మాకు ఈ పద్ధతి నచ్చింది.

డబ్బు సంగతి కూడా చెప్పాలి. ఈ పనికి 2017లో మొదలైన కేంద్ర గ్రాంటును 2022లో సగం చేసి, మరుసటి ఏడాది ఆపేశారు. ఇప్పుడు కౌన్సిల్ తన ఆధీనంలోని బడుల ప్రతినిధులను అడిగి, వారు ఓటు వేసి ఒప్పుకుంటే వారి బడ్జెట్ల నుండే కొంత మినహాయించుకోవాలి. ఇంగ్లండు హైస్కూళ్లలో ఐదింట నాలుగుకు పైగా అకాడమీలుగా మారి కౌన్సిల్ చేయి దాటిపోయాయి. కనుక మిగిలిన బడుల మీదనే ఈ భారం. అయినా తన విద్యాపనులన్నీ ఉన్నత ప్రమాణాల కోసం నడపాలన్న 1996 చట్టపు విధి మాత్రం కౌన్సిల్ మీదే ఉంది. కాంట్రాక్టు రాసినంత మాత్రాన అది కంపెనీకి బదిలీ కాదు.

చర్చి బడుల మాటేమిటి? చర్చ్ ఆఫ్ ఇంగ్లండుకు 4,600కు పైగా బడులున్నాయి, వాటిలో చాలా భాగం ప్రాథమిక పాఠశాలలే. ప్రతి డయాసిస్‌కు సొంత విద్యాబోర్డు ఉంటుంది. అది కూడా బడులకు సలహా సేవలు అమ్ముతుంది. కాబట్టి ఒకే బడికి కౌన్సిల్ పంపిన సలహాదారు ఒకరు, డయాసిస్ పంపినవారు మరొకరు రావచ్చు. ఇద్దరూ ముందే మాట్లాడుకోకపోతే హెడ్మాస్టరు ఒకే నివేదికను రెండు రకాలుగా రాస్తూ కూర్చోవాలి. మంచి కాంట్రాక్టుల్లో డయాసిస్‌తో ఎవరు, ఎప్పుడు, ఏ విషయం పంచుకోవాలో ముందే రాసి ఉంటుంది.

ఇక కొలమానం. ఆఫ్‌స్టెడ్ దగ్గర ‘మంచిది’ లేదా అంతకంటే పై మాట తెచ్చుకున్న బడులు నూటికి ఎన్ని అన్నది చాలాకాలం చాలా కాంట్రాక్టులకు కొలబద్ద. 2024 సెప్టెంబరు నుండి ప్రభుత్వ బడులకు ఆ ఒక్కమాట తీర్పు ఇవ్వడం ఆఫ్‌స్టెడ్ మానేసింది. దాన్నే నమ్ముకున్న ఒప్పందాల్లో కొలిచేందుకు ఏమీ మిగల్లేదు. ఒకే కొలతకు డబ్బు ముడిపెట్టడంలో ఇంకో చిక్కు కూడా ఉంది. గట్టెక్కబోయే బడి చుట్టూ అందరూ తిరుగుతారు, అట్టడుగున ఉన్నదాని గుమ్మం ఎవరూ తొక్కరు.

మన కమిటీల ముందుకు ఇలాంటి ఒప్పందం వస్తే చివరి పేజీలు ముందు చదవమని మా సలహా. ఒప్పందం ఆగిపోయిన రోజున పిల్లల రికార్డులు ఎవరి దగ్గర ఉంటాయి, తర్ఫీదు సామగ్రి ఎవరిది, ఆ పనికి పెట్టుకున్న ఉద్యోగులు ఎక్కడికి వెళతారు అన్నది అక్కడే ఉంటుంది. ఇంగ్లండులో 2006 నాటి నిబంధనల ప్రకారం అలాంటి ఉద్యోగులు చాలా సందర్భాల్లో తమ జీతం, షరతులతో సహా కొత్త యజమాని దగ్గరకు వెళతారు. మన దగ్గర అలాంటిది లేదు, కాబట్టి కమిటీయే రాయించుకోవాలి.