విద్యాసంస్థల జలక్రీడా సంఘాల్లో సభ్య సంరక్షణ: నందికొట్కూరు పరిసర జలాశయాల నేపథ్యంలో ఒక పరిశీలన

వ్యాససంగ్రహం

విశ్వవిద్యాలయాలు, కళాశాలలు నిర్వహించే సెయిలింగ్ వంటి జలక్రీడల్లో సభ్యుల క్షేమం అనగానే లైఫ్ జాకెట్లు, రక్షక పడవలు గుర్తుకు వస్తాయి. నీటి ప్రమాదాల నుంచి కాపాడటంతో పాటు వేధింపు, అవమానం, అధికార దుర్వినియోగం వంటి వాటి నుంచి సభ్యులను కాపాడటం కూడా ఆ క్షేమంలో భాగమే. ఈ రెండూ వేర్వేరు బాధ్యతలుగా కనిపించినా, సంఘంలో అందరికంటే చిన్నవారు తమ భయాన్ని, అభ్యంతరాన్ని నిస్సంకోచంగా చెప్పగలగడమే రెండింటికీ ఆధారమని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. నందికొట్కూరు ప్రాంతపు జలస్వభావం, గత ప్రమాదాలు, వర్తించే చట్టాలు, ఆచరణలో ఉండవలసిన ఏర్పాట్లు ఇందులో చర్చకు వస్తాయి.

కీలకపదాలు: సభ్య సంరక్షణ, జలక్రీడలు, సెయిలింగ్, విద్యార్థి సంక్షేమం, శ్రీశైలం జలాశయం, నందికొట్కూరు.

1. ఉపోద్ఘాతం

రాయలసీమ అనగానే కరవు మనసులో మెదులుతుంది. అయితే నందికొట్కూరు పరిసరాల్లో నీటి చరిత్ర కూడా పెద్దదే. 19వ శతాబ్దంలో మద్రాసు ఇరిగేషన్ కంపెనీ తవ్వించిన కర్నూలు-కడప కాలువను సాగునీటితో పాటు పడవల రాకపోకలను కూడా దృష్టిలో ఉంచుకొని రూపొందించారు. కాలక్రమంలో పడవల ప్రయాణం ఆగిపోయి, కాలువ సేద్యానికే పరిమితమైంది. 20వ శతాబ్దపు ఉత్తరార్ధంలో శ్రీశైలం ఆనకట్ట వెలిసిన తరువాత కృష్ణానది వెనుక జలాలు ఈ ప్రాంతపు సరిహద్దుగా మారాయి. సంగమేశ్వరం వద్ద ఏటా నీట మునిగి, మట్టం తగ్గినప్పుడు తేలే ఆలయం ఆ మార్పుకు ప్రత్యక్ష సాక్ష్యం.

తెలుగు నేలపై సెయిలింగ్ కొత్త కాదు. హుస్సేన్‌సాగర్‌లో సైనిక సంస్థల ఆధ్వర్యంలో పోటీలు చాలాకాలంగా సాగుతున్నాయి. 2009లో ఏర్పడిన యాట్ క్లబ్ ఆఫ్ హైదరాబాద్ పేద కుటుంబాల పిల్లలకు కూడా ఈ క్రీడలో శిక్షణ ఇస్తోంది. ఎన్.సి.సి. నౌకాదళ విభాగపు కేడెట్లకు తెరచాప పడవలు నడపడం శిక్షణలో భాగం. ఈ క్రీడ సంపన్నుల పరిధిని దాటి సామాన్య విద్యార్థులకు చేరుతున్న కొద్దీ, వారి సంరక్షణ ఎవరి బాధ్యత అన్న ప్రశ్నకు ప్రాధాన్యం పెరుగుతుంది.

2. భద్రత, సంరక్షణ: అర్థపరిధి

భద్రత అంటే ప్రకృతి వల్ల, పరికరాల వల్ల, పొరపాటు వల్ల కలిగే హానిని నివారించడం. గాలివాన, పడవ బోల్తా పడటం, చలికి శరీరం బిగుసుకుపోవడం దీని పరిధిలోకి వస్తాయి. సంరక్షణ అంటే మనుషుల వల్ల కలిగే హాని నుంచి కాపాడటం. ర్యాగింగ్, లైంగిక వేధింపు, కులం పేరుతో లేదా శరీరాకృతి పేరుతో హేళన, బలవంతపు సాహసాలు దీని కిందికి వస్తాయి. సంక్షేమం ఈ రెండింటికంటే విస్తృతమైనది. సభ్యుల ఆరోగ్యం, మానసిక స్థితి, ఆర్థిక ఇబ్బంది, ఒంటరితనం కూడా అందులో చేరుతాయి.

సాధారణంగా భద్రతను శిక్షకునికి, సంరక్షణను కళాశాల కమిటీకి, సంక్షేమాన్ని స్నేహితులకు వదిలివేస్తారు. ఆచరణలో ఇవి ఒకదానితో ఒకటి పెనవేసుకొని ఉంటాయి. ఈత రాదని చెబితే సీనియర్లు నవ్వుతారన్న భయంతో ఒక విద్యార్థి ఆ సంగతి దాచాడనుకుందాం. ఆ నవ్వు సంరక్షణ సమస్య, ఆ దాపరికం భద్రతా సమస్య. చెరువులు ఏటా నిండని మెట్ట గ్రామాల నుంచి వచ్చే విద్యార్థులకు ఈత నేర్చుకునే అవకాశమే తక్కువ కనుక, ఈ ప్రాంతంలో ఇది ఊహకు అందని ఉదాహరణ కాదు.

3. ప్రాంతీయ జలస్వభావం

శ్రీశైలం జలాశయపు పూర్తిస్థాయి నీటిమట్టం 885 అడుగులు. వరద వచ్చే నెలల్లో నిండే ఈ జలాశయం వేసవి నాటికి బాగా తగ్గుతుంది. ఒక నెలలో లోతుగా ఉన్న చోట మరో నెలలో రాళ్లు, మునిగిన గ్రామాల గోడలు, చెట్ల మోళ్లు పైకి దగ్గరగా వస్తాయి. పడవ అడుగుభాగానికి, బోల్తాపడి నీటిలో ఉన్న మనిషికి ఇవి రెండు విధాలా ప్రమాదమే.

జూపాడుబంగ్లా మండలంలోని పోతిరెడ్డిపాడు హెడ్ రెగ్యులేటర్ సామర్థ్యం తొలుత 11,150 క్యూసెక్కులు కాగా, విస్తరణతో అది 44,000 క్యూసెక్కులకు చేరింది. నీరు విడుదల చేసే రోజుల్లో పైకి ప్రశాంతంగా కనిపించే నీరు కూడా తూముల వైపు లాగుతుంది. మాల్యాల, ముచ్చుమర్రి ఎత్తిపోతల పథకాల పరిసరాలకూ ఇదే వర్తిస్తుంది. కాలువల్లో లైనింగు చేసిన ఏటవాలు గట్లపై పాచి పట్టి ఉంటే, పడినవారికి పట్టు దొరకదు. కాబట్టి ఇక్కడ ఏ సంఘమైనా నీటిలోకి దిగే ముందు ఆకాశాన్ని చూస్తే చాలదు. ఆనాటి నీటిమట్టాన్ని, విడుదల వివరాలను జలవనరుల శాఖ నుంచి తెలుసుకోవాలి.

4. గత ప్రమాదాల పాఠం

ఈ నీటికి విషాద జ్ఞాపకాలు ఉన్నాయి. 2007 జనవరిలో నాటి మహబూబ్‌నగర్, కర్నూలు జిల్లాల మధ్య కృష్ణానదిలో మంచాలకట్ట వద్ద పడవ మునిగి సుమారు 60 మంది మరణించారు. 2017 నవంబరు 12న ఇబ్రహీంపట్నం సమీపంలో కృష్ణానదిపై అనుమతి లేని పడవ బోల్తాపడి 20 మందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. మృతుల్లో ఎక్కువమంది ఒంగోలు నడక మిత్రుల సంఘానికి చెందినవారు. సంఘంగా విహారానికి వెళ్లినప్పుడు సభ్యులు సంఘాన్ని నమ్మి పడవ ఎక్కుతారు, ఆ పడవకు అనుమతి ఉందా అని ఎవరికి వారు విచారించరు. ఆ విచారణ సంఘం చేయవలసిన పని.

విద్యాసంస్థలకు మరింత దగ్గరి ఉదాహరణ 2014 జూన్ 8 నాటి బియాస్ నది దుర్ఘటన. హిమాచల్ ప్రదేశ్ మండి జిల్లాలో లార్జీ ఆనకట్ట నుంచి ఒక్కసారిగా విడుదలైన నీటిలో హైదరాబాద్ ఇంజనీరింగ్ కళాశాలకు చెందిన 24 మంది విద్యార్థులు, వారి వెంట ఉన్న ఒక యాత్రా సహాయకుడు కొట్టుకుపోయారు. ఒక్కో కుటుంబానికి 20 లక్షల రూపాయల పరిహారం చెల్లించాలని 2016లో ఆ రాష్ట్ర హైకోర్టు ఆదేశించింది. విద్యుత్ బోర్డు, కళాశాల, రాష్ట్ర ప్రభుత్వం ఆ భారాన్ని 60, 30, 10 శాతాలుగా పంచుకోవాలని నిర్ణయించింది. నీటిని విడుదల చేసింది కళాశాల కాదు. అయినా దానికీ బాధ్యతలో వాటా పడింది. సంస్థ బాధ్యత ప్రాంగణపు గేటు దగ్గర ముగిసిపోదని ఈ తీర్పు స్పష్టం చేసింది.

హెచ్చరిక ఉన్నా వినని సందర్భానికి బ్రిటన్‌లోని లైమ్ బే ఘటన నిదర్శనం. 1993 మార్చి 22న ఒక సాహసక్రీడా కేంద్రం నడిపిన కయాక్ యాత్రలో నలుగురు విద్యార్థులు మరణించారు. అంతకు ముందే ఆ కేంద్రాన్ని విడిచిన శిక్షకురాలు, భద్రతా లోపాల వల్ల ప్రాణనష్టం జరగవచ్చని యాజమాన్యానికి లేఖ రాశారు. ఆ లేఖను పట్టించుకోలేదు. కంపెనీతో పాటు దాని అధిపతికి కూడా శిక్ష పడింది. సాహసక్రీడా కేంద్రాలకు లైసెన్సు తప్పనిసరి చేస్తూ 1995లో బ్రిటిష్ పార్లమెంటు చట్టం చేసింది. అక్కడ లోపించినది సమాచారం కాదు, కిందివారి మాటకు విలువ.

5. పడవలోని అధికార సంబంధం

సెయిలింగ్‌లో ఆజ్ఞాపాలన అవసరం. గాలి ఒక్కసారిగా దిశ మారినప్పుడు చుక్కాని పట్టినవారు చెప్పింది తోటివారు వెంటనే చేయాలి. అక్కడ చర్చకు వ్యవధి ఉండదు. ఈ అవసరమే ఒక ప్రమాదానికి దారితీస్తుంది. నీటిలో అలవాటైన విధేయతను ఒడ్డున కూడా ఆశించే శిక్షకులు, సీనియర్లు ఉండవచ్చు. పోటీకి ఎవరిని పంపాలో, ఎవరికి ఏ పడవ ఇవ్వాలో నిర్ణయించే అధికారం వారి చేతిలో ఉండటం వల్ల అభ్యంతరం చెప్పడం కష్టమవుతుంది.

ఈ క్రీడకే ప్రత్యేకమైన సందర్భాలు మరికొన్ని ఉన్నాయి. తడి దుస్తులు మార్చుకోవలసి వస్తుంది. జాకెట్టు పట్టీలు బిగించేటప్పుడు, నీటిలో నుంచి పైకి లాగేటప్పుడు శరీర స్పర్శ అనివార్యం. పోటీలకు దూరప్రాంతాలకు వెళ్లి రాత్రిళ్లు బస చేయాలి. విద్యార్థినుల విషయంలో మరో భారం ఉంది. ఫిర్యాదు సంగతి ఇంట్లో తెలిస్తే, తప్పు ఎవరిదైనా, మొదట ఆగిపోయేది ఆమె క్రీడే. ఈ భయమే చాలాసార్లు మౌనానికి కారణం. కాబట్టి ఫిర్యాదు చేసినవారు క్రీడను కోల్పోకుండా చూడటం సంరక్షణలో అత్యంత ముఖ్యమైన అంశం.

6. వర్తించే చట్టాలు, నిబంధనలు

2013 నాటి పనిచేసే చోట మహిళలపై లైంగిక వేధింపుల నివారణ చట్టం క్రీడా సంస్థలను, శిక్షణ, పోటీలు జరిగే స్థలాలను కూడా పని ప్రదేశంగానే నిర్వచించింది. ఉన్నత విద్యాసంస్థల కోసం యు.జి.సి. 2015లో చేసిన నిబంధనలు ప్రాంగణ భావనను విస్తరించి, విహారయాత్రలను, శిబిరాలను, క్రీడోత్సవాలను కూడా అందులో చేర్చాయి. అంటే జలాశయపు ఒడ్డున జరిగినా అది ప్రాంగణంలో జరిగినట్లే. పురుష విద్యార్థులు, తృతీయ లింగ విద్యార్థులు కూడా వేధింపునకు గురికావచ్చని ఇవి గుర్తించాయి. ఫిర్యాదుకు మూడు నెలలు, విచారణకు 90 రోజులు గడువు విధించాయి. ఫిర్యాదు చేసినవారి ప్రతిభను మదింపు చేసే స్థానం నుంచి ప్రతివాదిని విచారణ కాలంలో తప్పించే వీలు కల్పించాయి. జట్టు ఎంపిక చేసే శిక్షకునిపై ఫిర్యాదు వచ్చినప్పుడు ఈ అంశం ఎంతో ఉపయోగపడుతుంది.

పాలిటెక్నిక్ విద్యార్థుల్లోను, డిగ్రీ మొదటి సంవత్సరంలోను 18 ఏళ్లు నిండనివారు ఉంటారు. వారి విషయంలో 2012 నాటి పోక్సో చట్టం వర్తిస్తుంది. నేరం జరిగినట్లు తెలిసినవారు పోలీసులకు సమాచారం ఇవ్వడం విధి, దాచడం శిక్షార్హం. సంఘం పరువు పేరుతో లోలోపల సర్దుబాటు చేయడానికి ఇక్కడ తావు లేదు. ర్యాగింగ్‌కు 1997 నాటి రాష్ట్ర చట్టం, 2009 నాటి యు.జి.సి. నిబంధనలు ఉన్నాయి. పడవల విషయంలో జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ 2017లో ప్రకటించిన మార్గదర్శకాలు, యంత్రశక్తితో నడిచే పడవల నమోదును కోరే 2021 నాటి అంతర్దేశీయ నౌకల చట్టం గమనార్హం. సంఘపు రక్షక పడవకు మోటారు ఉంటుంది కనుక ఈ చట్టాన్ని పరిశీలించక తప్పదు.

7. ఆచరణలో సంఘ నిర్మాణం

చట్టాలు ఎన్ని ఉన్నా సంఘపు దైనందిన అలవాట్లే సభ్యులను కాపాడతాయి. మొదటిది, అధికార విభజన. నీటిలో ఆజ్ఞ ఇచ్చేవారు, జట్టును ఎంపిక చేసేవారు, ఫిర్యాదు స్వీకరించేవారు ఒక్కరే కాకూడదు. సంక్షేమ బాధ్యురాలిగా లేదా బాధ్యుడిగా శిక్షణతో సంబంధం లేని అధ్యాపకులను నియమించి, వారితో పాటు ఒక విద్యార్థి ప్రతినిధిని ఉంచాలి. చిన్న కళాశాలల్లో అందరూ అందరికీ తెలిసినవారే కావడం వల్ల, బయటి కళాశాలకు చెందిన ఒకరి పేరు కూడా సభ్యులకు తెలియజేయడం మేలు.

రెండవది, నిరాకరించే హక్కు. పడవ కదిలిన తరువాత ఆజ్ఞను పాటించాలి. కానీ పడవ ఎక్కనని చెప్పే హక్కు ప్రతి సభ్యునికీ, కారణం చెప్పకుండానే, ఉండాలి. ఆ నిరాకరణ ఎంపికలో లోపంగా లెక్కకు రాకూడదు. ఈత పరీక్ష అందరికీ ఒకేలా పెట్టాలి. ఎవరికి రాదో నలుగురిలో ప్రకటించకుండా, వారికి ముందుగా ఈత నేర్పే ఏర్పాటు చేయాలి.

మూడవది, సమాచార గోప్యత. ఉబ్బసం, మూర్ఛ వంటి వివరాలు ఆనాటి రక్షక పడవ బాధ్యునికి తెలియాలి, వాట్సాప్ గ్రూపులో తిరగకూడదు. మైనర్లతో శిక్షకులు విడిగా సందేశాలు నడపకుండా, సమాచారమంతా ఉమ్మడి గ్రూపు ద్వారానే సాగాలి. దుస్తులు మార్చుకునే చోటు వేరుగా, తలుపు గడియతో ఉండాలి. జాకెట్టు సరిచేసే ముందు శిక్షకులు చెప్పి, అంగీకారం పొంది చేయాలి. రాత్రి బసకు వెళ్లే బృందంలో విద్యార్థినులు ఉంటే మహిళా అధ్యాపకులు తప్పక వెంట ఉండాలి.

నాలుగవది, చిన్న లోపాల నమోదు. తెగిన పట్టీ, ఆగిపోయిన మోటారు, మనసు నొప్పించిన ఒక మాట, ఏదైనా ఒక పుస్తకంలో రాయడానికి సభ్యులందరికీ వీలుండాలి. పేరు రాయడం తప్పనిసరి కారాదు. నెలకొకసారి ఆ పుస్తకాన్ని కళాశాల పరిశీలించి, ప్రతి అంశంపై ఏమి చేసిందో దాని ఎదురుగా రాయాలి. లైమ్ బే లేఖ వంటి హెచ్చరిక ఒక్కరి బల్ల సొరుగులో ఉండిపోకుండా ఈ పద్ధతి అడ్డుకుంటుంది.

8. ముగింపు

ఏరు దాటేదాకా ఓడ మల్లన్న, దాటాక బోడి మల్లన్న అని తెలుగు సామెత. ప్రమాదాల తరువాతి నియమాల పరిస్థితి కూడా అంతే. విషాదం జరిగిన వారాల్లో పడవలన్నీ ఆగుతాయి, తనిఖీలు సాగుతాయి. కొన్ని నెలలకు అన్నీ మామూలవుతాయి. నియమాలను జ్ఞాపకం ఉంచేది భయం కాదు, వాటి గురించి నిత్యం అడిగే సభ్యులు. నందికొట్కూరు పరిసరాల్లో ఏ కళాశాలైనా జలక్రీడా సంఘాన్ని ఆరంభించదలిస్తే, పడవలు కొనడానికి ముందే ఆ అడిగే హక్కును తన నియమావళిలో రాసుకోవాలి. మొదటిసారి నీటిని చూసి వెనుకడుగు వేసిన విద్యార్థిని ఆ మాట పైకి చెప్పగలిగిందా, చెప్పిన తరువాత కూడా సంఘంలో కొనసాగగలిగిందా అన్నదే ఆ సంఘపు సంరక్షణకు నిజమైన కొలమానం.