ఓనో మైదానానికి దిగిపోకండి



మార్చి 31 దగ్గర పడుతున్నకొద్దీ బ్యాంకులలో, ఆఫీసులలో ఒత్తిడి ఎలా ఉంటుందో మీలో చాలామందికి తెలుసు. మీరు ఒక ఫైలు తెరుస్తారు. ఇంతలో ఫోను మోగుతుంది. పక్క సీటులోని వారు ఎవరి గురించో చాడీ చెప్పడానికి వస్తారు. సాయంత్రానికి శరీరం అలసిపోతుంది గాని పని అక్కడే ఉంటుంది. ఇంటికి వెళ్లి ఆ విసుగును పిల్లల మీద చూపిస్తాము. ఇటువంటి వేళ విశ్వాసి తన మనస్సును పని మీద ఎలా నిలుపుకోవాలి?

నెహెమ్యాను చూడండి. క్రీ.పూ. 445 ప్రాంతంలో ఆయన షూషను నుండి యెరూషలేముకు వచ్చి, పడిపోయిన ప్రాకారమును 52 దినములలో కట్టించాడు. చెత్తకుప్పలు విస్తారం. బరువులు మోసేవారికి బలం తగ్గిపోయింది. శత్రువుల భయం వలన ఒక చేత పని, ఒక చేత ఆయుధం.

గోడ లేచింది, గుమ్మములకు తలుపులు నిలపడమే మిగిలింది. సరిగ్గా అప్పుడే సన్బల్లటు, గెషెము ఆయనను ఓనో మైదానానికి రమ్మని కబురు పెట్టారు. 4 సార్లు పిలిచారు. తాను చేస్తున్నది గొప్ప పని గనుక దానిని విడిచి రాలేనని 4 సార్లూ ఒకే జవాబు ఇచ్చాడు. 5వ సారి నిందలతో నిండిన ఉత్తరం వచ్చింది. అది నిజం కాదని క్లుప్తంగా చెప్పి, తన చేతులను బలపరచుమని దేవుని వేడుకున్నాడు. వాదనకు కూర్చోలేదు.

అయితే ప్రియులారా, 5వ అధ్యాయాన్ని దాటిపోవద్దు. కరవులో పొలములు, ఇండ్లు కుదువపెట్టి, పిల్లలను దాసత్వానికి అప్పగించిన పేదలు మొరపెట్టారు. ఇంత పనిలో తీరిక లేదని నెహెమ్యా వారిని పంపివేయలేదు. సమాజమును కూర్చి, వడ్డీ తీసుకొనే ప్రధానులను గద్దించి, వారి ఆస్తులను తిరిగి ఇప్పించాడు.

సన్బల్లటుకు దొరకని సమయం పేదవారికి ఎలా దొరికింది? ఓనో పిలుపు పనిని ఆపడానికే వచ్చింది. పేదల మొర అలాంటిది కాదు. ఆ గోడ కట్టేదే ఆ ప్రజల కోసం. మనసు నిలుపుకోవడమంటే చెవులు మూసుకోవడం కాదు, ఏ పిలుపు ఎటువంటిదో గుర్తెరగడం.

కాబట్టి రేపు ఉదయం కుర్చీలో కూర్చోగానే ఒక చిన్న ప్రార్థన చేయండి. రాజు ఎదుట నిలిచి జవాబు చెప్పబోయే ముందు నెహెమ్యా చేసినదీ అంతే. ఆ రోజు తప్పక ముగించవలసిన పనిని కాగితం మీద వ్రాసుకోండి. అది ముగిసేవరకు ఫోనును దూరంగా ఉంచండి. నెహెమ్యా పక్కన బూర ఊదేవాడు ఉండేవాడు. ఆ శబ్దం వినబడితే అందరూ కూడుకోవాలి. అలాగే, ఏ అవసరమైతే వెంటనే పిలవాలో ఇంటివారికి ముందుగా చెప్పండి. బిడ్డకు జ్వరమని కబురు వస్తే లేచి వెళ్లండి. పక్కవారి కన్నీరు కనబడితే కలము క్రింద పెట్టండి. చాడీలకు మాత్రం చిరునవ్వుతో, "తరువాత మాట్లాడుకుందామండి" అనండి. మళ్లీ అడిగితే మళ్లీ అదే జవాబు.

నెహెమ్యా చేతులను బలపరచిన దేవుడు మీ చేతులను కూడా బలపరచును గాక. ఆమెన్.