మాట్లా తీరమున వినని మాట

కలకత్తా రేవును గూర్చియు, హుగ్లీ నౌకామార్గమును గూర్చియు ముఖచిత్ర కథన మొకటి శుక్రవారమునాటికి కావలెనని సంపాదకులు సెలవిచ్చిరి. పూడిక, పైలట్లు, ఫరక్కా అన్నియు రావలెనట. కాని 1853లో హెన్రీ పిడింగ్టన్ గవర్నరు జనరలు డల్హౌసీకి వ్రాసిన లేఖ కంటబడిన పిమ్మట తక్కిన వన్నియు నాకు వెలవెలబోయినవి.

చరిత్రను ఒక్క గుక్కలో ముగించెదను. హుగ్లీ ఇసుక మేటల నది. దామోదర, రూపనారాయణ సంగమముల నడుమనున్న జేమ్స్ అండ్ మేరీ మేటకు 1694లో అచట మునిగిన ఓడ పేరే నిలిచినది. మేట తగిలిన ఓడను ప్రవాహము నిమిషములలో బోర్లించును. పందొమ్మిదవ శతాబ్ది నడుమ నది పూడిపోవుచున్నదను భీతి వర్తకులను పట్టగా, సుందరవనముల చెంత లోతైన మాట్లా నదిపై మరియొక రేవు కట్టుటకు ప్రభుత్వము పూనుకొన్నది.

పిడింగ్టన్ ఓడ నాయకుడుగా సముద్రములు తిరిగి, కలకత్తాలో స్థిరపడి, నౌకాప్రమాదముల విచారణ సభకు అధ్యక్షుడైనవాడు. తుపానులో చిక్కిన ఓడల దినచర్య పుస్తకములను పోగుచేసి, ఏ వేళ ఏ ఓడపై గాలి ఏ దిక్కునుండి వీచెనో పటముపై గుర్తించుచు, రెడ్‌ఫీల్డు, రీడు అను పూర్వ పరిశోధకుల చక్రవాత సిద్ధాంతమును బంగాళాఖాతమునకు అన్వయించి, 1848లో నావికులకై ప్రకటించిన గ్రంథమున ఆ గాలికి ‘సైక్లోన్’ అను పేరును ఆయనయే పెట్టెను. ఆయన విద్యలో మన గోదావరి ముఖమునకును భాగము కలదు: 1789 డిసెంబరులో కోరంగిని మూడు మహాతరంగములు ఒకదాని వెంట నొకటి ముంచిన వృత్తాంతమును లోకమునకు తెలిపినవాడును, 1839 నవంబరునాటి కోరంగి తుపానును ఓడల లెక్కలతో శోధించినవాడును ఆయనయే.

అట్టివాడు వ్రాసిన లేఖయందు అలంకారము లేదు. మాట్లా తీరమున ఊరు కట్టినచో, ఏదో యొకనాటి తుపానులో ఐదు మొదలు పదునైదు అడుగుల లోతున ఉప్పునీరు దానిని ముంచివేయునని, తప్పించుకొనుటకు వ్యవధియైనను ఉండదని హెచ్చరించెను. ఏలినవారు లెక్కచేయలేదు. నిపుణుల సంఘములను నేను సంపూర్ణముగా నమ్మలేకపోవుటకు ఇట్టివే కారణములు: వారు నది లోతును శ్రద్ధగా కొలిచిరి గాని, ఆ లోతు సముద్రమునకు కూడ దారియే యని తలపరైరి.

పిడింగ్టన్ 1858లో గతించెను. 1860ల ఆరంభమున మాట్లా తీరమునకు రైలు వచ్చెను. డల్హౌసీ తరువాతి గవర్నరు జనరలు కానింగు ప్రభువు పేర అచట రేవు వెలసెను. 1864 అక్టోబరు 5న తుపాను కలకత్తానే మోదినప్పుడు, కలకత్తా రేవునందున్న 195 ఓడలలో చెక్కుచెదరనివి 23 మాత్రమే. అప్పటికైనను ఆ లేఖ నెవరును వెదకి తీసినట్లు కానరాదు. 1867 నవంబరు 1న వచ్చిన గాలి దానియంత ఘోరమైనది కాదు, కెరటము సుమారు ఆరడుగులు. పోర్టు కానింగునకు అది చాలినది. 1872లో రేవును విడిచిపెట్టిరి.

మిగిలిన ముక్కలు

1864నాటి దెబ్బ తగిలిన తరువాతనే, 1865లో, కలకత్తా రేవునకు తుపాను హెచ్చరికల ఏర్పాటు జరిగెను. 1870లో రేవునకు ట్రస్టు ఏర్పడెను. 1875లో భారత వాతావరణ శాఖ పుట్టెను. దానికి మొదటి అధికారి బ్లాన్‌ఫర్డ్.

కలకత్తాకు దిగువన హల్దియా రేవు వెలసెను. 1975లో ఫరక్కా ఆనకట్టనుండి 40,000 క్యూసెక్కుల వరకు గంగాజలమును పూడిక కడుగుటకై హుగ్లీకి మళ్ళించుట మొదలైనను, పూడిక తీయు డ్రెడ్జర్లకు నేటికిని విరామము దొరకలేదు.